ఊపిరితిత్తుల క్యాన్సర్: వైద్యుని ముందున్న మూడు ప్రశ్నలు

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మొదట వెనుకాడాను. నేను డాక్టర్ని కాను. అకౌంట్స్ సెక్షన్‌లో బిల్లులూ వోచర్లూ చూస్తూ సర్వీసు ముగించినవాణ్ణి. అయితే మా ఇంట్లో జరిగిన ఒక సంగతి నన్ను చాలాకాలంగా వదలడం లేదు. దాన్ని అర్థం చేసుకుందామని రిటైరయిన తర్వాత దొరికిన పుస్తకాలు చదివాను, తెలిసిన వైద్యులను అడిగాను. అలా తెలుసుకున్న చరిత్రనే తోటి పెన్షనర్ల ముందు, వారి కుటుంబ సభ్యుల ముందు పెడుతున్నాను.

1988లో మా పెద్దన్నయ్యకు దగ్గు పట్టుకుంది. అప్పటికి ఆయన పెన్షన్ తీసుకుంటూ మూడేళ్లు. ఎక్స్‌రేలో మచ్చ కనపడింది. క్షయ అన్నారు. ఐదు నెలలు క్షయ మందులు వాడాం. మచ్చ తగ్గలేదు సరికదా, పెరిగింది. పట్నం తీసుకువెళితే అక్కడ ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. పెద్ద డాక్టరుగారు మమ్మల్ని వరండాలోకి పిలిచి, “ఆయనకు చెప్పారా?” అని అడిగారు. లేదన్నాం. చెప్పవద్దని కూడా అన్నాం. అన్నయ్యకు మాత్రం ఊపిరితిత్తిలో నిమ్ము చేరిందని చెప్పాం. ఏ వైద్యం చేయించాలో వరండాలోనే మేము నలుగురం నిర్ణయించాం. ఆరు వారాలు కరెంటు పెట్టించాం. “పండక్కి ఇంటికి వెళ్దామట్రా?” అని ఆయన రోజూ అడిగేవారు. “వెళ్దాం అన్నయ్యా” అనేవాణ్ణి. సంక్రాంతి వచ్చింది, వెళ్లింది. ఆయన ఇల్లు చూడలేదు.

అప్పటినుంచి నాలో ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఒకే పేరు గల జబ్బుకు ఒకరికి ఆపరేషన్, ఒకరికి కరెంటు, ఒకరికి సెలైన్‌లో ఎక్కించే మందు, ఇంకొకరికి రోజుకో మాత్ర ఇస్తున్నారు. దీన్ని వైద్యులు ఎలా నిర్ణయిస్తారు?

చదివిన మీదట నాకు తేలింది ఇది. వైద్యుని ముందు మూడు ప్రశ్నలుంటాయి. జబ్బు ఎంతవరకు పాకింది? అది ఏ రకం? ఆ మనిషి ఎలా ఉన్నాడు, ఏం కోరుతున్నాడు? ఈ మూడూ ఒక్కరోజున పుట్టినవి కావు. వీటిని నేర్చుకోవడానికి వందేళ్లు పట్టింది.

అరుదైన జబ్బు అనుకున్న రోజులు

1912లో న్యూయార్కు వైద్యుడు ఐజాక్ ఆడ్లర్ ఈ జబ్బు మీద ఒక గ్రంథం ప్రచురించారు. ప్రపంచమంతటి నివేదికలూ వెదికితే ఆయనకు దొరికినవి నాలుగు వందల కేసులకు లోపే. ఇంత అరుదైన జబ్బు మీద పుస్తకం అవసరమా అని పాఠకులు అనుకుంటారేమోనని ఆయనే సంకోచించారు. యంత్రాలతో చేసిన సిగరెట్టు అప్పుడప్పుడే లోకమంతా వ్యాపిస్తోంది. ముప్ఫై నలభై ఏళ్లు తిరిగేసరికి ఆ సంకోచానికి తావు లేకుండా పోయింది.

తొలినాళ్లలో వైద్యుని ముందున్న ప్రశ్న ఒక్కటే: కోయగలమా, లేదా? 1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో డాక్టర్ ఎవార్ట్స్ గ్రేహమ్ ఒక రోగికి ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించారు. క్యాన్సర్ కోసం మొత్తం ఊపిరితిత్తిని ఒకేసారి తీసివేయగా రోగి బతికిన తొలి సందర్భం అది. ఆ రోగి జేమ్స్ గిల్మోర్ స్వయంగా డాక్టరే, స్త్రీల వైద్యుడు. ఆపరేషన్‌కు ముందు ఆయన తన ఊరు వెళ్లి ఒకవైపు పళ్లు బాగు చేయించుకుని, మరోవైపు శ్మశానంలో స్థలం కొనుక్కుని వచ్చారట! గ్రేహమ్ మొదట ఒక భాగం మాత్రమే తీద్దామనుకున్నారు. ఛాతీ తెరిచాక అది చాలదని తేలింది. రోగి మత్తులో ఉన్నాడు. రోగితో వచ్చిన స్నేహితుడైన ఒక వైద్యుడు అక్కడే ఉంటే ఆయనతో మాట్లాడి, ఊపిరితిత్తి మొత్తం తీసివేశారు.

గిల్మోర్ ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లు బతికారు. గ్రేహమ్ కథ వేరు. 1950లో ఆయనా, ఆయన శిష్యుడు ఎర్నెస్ట్ విండరూ కలిసి పొగతాగడానికీ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని చూపుతూ వ్యాసం ప్రచురించారు. అదే ఏడు ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ కూడా అదే మాట రుజువులతో చెప్పారు. గ్రేహమ్ పొగ మానారు గాని అప్పటికే ఆలస్యమయింది. 1957లో ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే కన్నుమూశారు. జబ్బు బయటపడేసరికి రెండువైపులా ఉంది. ఊపిరితిత్తిని తీయడం లోకానికి నేర్పినవాడికి ఆ ఆపరేషనే పనికిరాలేదు. మొదటి ప్రశ్న ఎంత ముఖ్యమో ఇంతకన్నా ఎవరు చెప్పాలి?

మొదటి ప్రశ్న: ఎంతవరకు పాకింది?

ఫ్రాన్సు వైద్యుడు పియెర్ దెన్వా 1940లలో మొదలుపెట్టి ఒక లెక్క తయారు చేశారు. గడ్డ ఎంత పెద్దది, పక్కనున్న గ్రంథులకు చేరిందా, దూరపు అవయవాలకు పాకిందా అన్నవి మూడు పద్దులు. 1970లలో అమెరికా వైద్యుడు క్లిఫ్టన్ మౌంటెన్ దీన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అన్వయించారు. ఒకటో దశ, రెండో దశ అని మనం వినే మాటలు ఈ లెక్కలోంచి వచ్చినవే.

ఇది కుదిరాక వైద్యులకు దారి కనపడింది. తొలి దశలో జబ్బు ఒకచోటే ఉంటే ఆపరేషన్. ఛాతీ మధ్యనున్న గ్రంథులకు చేరితే చాలామందికి రేడియేషన్, మందులు కలిపి. దూరానికి పాకితే కోసి ప్రయోజనం లేదు, ఒళ్లంతా తిరిగే మందు కావాలి.

ఆపరేషన్ సైతం మారింది. గ్రేహమ్ మొత్తం ఊపిరితిత్తిని తీశారు. తర్వాతి తరం సర్జన్లు జబ్బున్న తమ్మెను మాత్రమే తీసినా సరిపోతుందని గమనించారు. ఇంకా చిన్న భాగం తీస్తే చాలదా అన్న ప్రశ్న వచ్చింది. 1995లో వెలువడిన అమెరికా పరిశీలన చాలదంది. చిన్న భాగం తీసినవారిలో జబ్బు అక్కడే తిరగబెట్టడం ఎక్కువగా కనపడింది. కాని ఆ తర్వాత స్కానింగులు మెరుగుపడి మరీ చిన్న గడ్డలు బయటపడసాగాయి. 2022లో జపాను వైద్యులు రెండు సెంటీమీటర్ల లోపు గడ్డలున్న 1,106 మంది ఫలితాలు ప్రకటించారు. వారిలో తమ్మె మొత్తం తీసినవారి కన్నా అందులో కొంతభాగం తీసినవారే ఎక్కువమంది ఐదేళ్లు బతికి ఉన్నారు. ఒకప్పటి తప్పు ఇప్పుడు ఒప్పయింది, గడ్డ చిన్నదైతేనే సుమా!

రెండో ప్రశ్న: ఏ రకం?

సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ క్యాన్సర్ కణాలన్నీ ఒకే తీరుగా ఉండవు. కొన్ని చాలా చిన్నవి. ఈ చిన్నకణాల రకం వేగంగా పాకుతుంది. బ్రిటనులో ఈ రకం ఉండి, ఆపరేషన్‌కు తగినవారే అనుకున్న 144 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి ఆపరేషన్, రెండో వర్గానికి రేడియేషన్ నిర్ణయించారు. పదేళ్లు గమనించి 1973లో ఫలితం ప్రకటించారు. ఆపరేషన్ వర్గం సగటున 199 రోజులు బతికింది, రేడియేషన్ వర్గం 300 రోజులు. అప్పటినుంచి, మరీ తొలిదశలో దొరికితే తప్ప, ఈ రకానికి కత్తి పట్టడం మానేశారు.

ఇక మందుల సంగతి. ఒళ్లంతా తిరిగే క్యాన్సర్ మందుల చరిత్రలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి గొప్ప స్థానముంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరున్న పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రచురించారు. ఆ ఏడాదే సుబ్బారావుగారు మరణించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మాత్రం గట్టి మందు ప్లాటినం లోహం నుంచి వచ్చింది. దాని పేరు సిస్‌ప్లాటిన్. 1995లో 52 పరిశీలనలను ఒకచోట చేర్చి చూస్తే, పాకిన జబ్బులో సిస్‌ప్లాటిన్ కలిసిన మందులు వాడినవారిలో, ఏడాది దాటి బతికినవారు నూటికి మరో పదిమంది పెరిగారు.

ఆ రోజుల్లో చిన్నకణాల రకం కానివాటన్నిటినీ ఒకే గాటన కట్టేవారు. 2002లో నాలుగు రకాల మందుల జోడీలను పోల్చి చూస్తే నాలుగూ ఒకటేనని తేలింది. సగటు రోగికి ఎనిమిది నెలల ఆయుష్షు. చాలామంది వైద్యులు నిరాశ పడ్డారు. లోపం మందుల్లోనే లేదు, అందరినీ ఒకే పద్దు కింద రాయడంలో కూడా ఉంది.

2004లో ఆ పద్దు విడిపోయింది. గెఫిటినిబ్ అనే మాత్ర కొందరిలో గడ్డను ఆశ్చర్యకరంగా కరిగిస్తోంది, ఎక్కువమందిలో ఏమీ చేయడం లేదు. కారణం వెదికిన బాస్టన్ శాస్త్రజ్ఞులకు ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు కనపడింది. 2009లో తూర్పు ఆసియాలోని 1,217 మంది మీద జరిపిన పరిశీలన దీన్ని తేటతెల్లం చేసింది. జన్యువులో మార్పు ఉన్నవారిలో జబ్బును ఎక్కువకాలం అదుపులో ఉంచింది మాత్ర. మార్పు లేనివారిలో మాత్ర కన్నా సెలైన్ మందే మెరుగు. మాత్ర ఒకటే, కొందరికి వరం, కొందరికి కాలహరణం. పరీక్ష చేయకుండా ఎవరు ఏ కోవలోవారో చెప్పడం సాధ్యం కాదు.

2007లో జపానులో మరో జన్యు మార్పు దొరికింది. దానికీ వేరే మాత్రలు వచ్చాయి. ఆ తర్వాత మన ఒంటి రక్షణ శక్తినే మేల్కొలిపే మందులు వచ్చాయి. వీటికి మూలమైన పరిశోధనకు 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో నోబెల్ బహుమతి పొందారు. ఇవి ఎవరికి ఎక్కువ పనిచేస్తాయో కూడా తీసిన ముక్కను పరీక్షించి అంచనా వేస్తారు.

ఇక్కడ మన ఇళ్లలో వినపడే ఒక మాట చెప్పుకోవాలి. “ముక్క తీస్తే జబ్బు పాకిపోతుంది” అని చాలామంది భయపడతారు. సూది పెట్టిన దారిలో జబ్బు పాకడం చాలా అరుదని వైద్యులు చెబుతారు. ముక్క పరీక్ష లేకుండా మొదలుపెట్టే వైద్యంలో ఉన్న ప్రమాదం దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. వోచరు లేని బిల్లును మనం పాసు చేశామా?

మూడో ప్రశ్న: మనిషి ఎలా ఉన్నాడు?

పై రెండు ప్రశ్నలకూ యంత్రాలు జవాబు చెబుతాయి. మూడోదానికి మనిషే చెప్పాలి.

1948లో న్యూయార్కు వైద్యుడు డేవిడ్ కార్నోఫ్‌స్కీ బృందం నైట్రోజన్ మస్టర్డ్ అనే మందును క్యాన్సర్ రోగులకు, ముఖ్యంగా ఊపిరితిత్తుల క్యాన్సరున్నవారికి ఇచ్చి చూసింది. గడ్డ తగ్గిందా అన్నది ఒక్కటే చాలదు, మనిషి లేచి తిరుగుతున్నాడా అన్నదీ చూడాలని వారు నూటికి మార్కులు వేయసాగారు. ఏ బాధా లేక తన పని తాను చేసుకుంటే 100. తరచు మరొకరి సాయం కావలసి వస్తే 50. తర్వాత ఇదే సున్నా నుంచి నాలుగు వరకు చిన్న లెక్కగా మారింది. డాక్టరు “స్నానం మీరే చేస్తారా? పగలు ఎంతసేపు పడుకుంటారు?” అని అడిగితే అది కుశల ప్రశ్న అనుకోకండి. ఆ జవాబు మీద మందు ఆధారపడి ఉంటుంది. పగలు సగానికి పైగా మంచంలోనే ఉండేవారికి సెలైన్ మందు మేలుకన్నా కీడు ఎక్కువ చేయవచ్చు. అయితే జన్యు మార్పు ఉన్నవారు బలహీనంగా ఉన్నా మాత్రతో తేరుకున్న సందర్భాలు ఉన్నాయి. మూడు ప్రశ్నలూ కలిపి చూడాలనడం అందుకే.

మన వయసువారికి ముఖ్యమైన మాట ఒకటుంది. “ఈ వయసులో ఇంకా వైద్యమెందుకు?” అని పిల్లలు గాని, మనమే గాని అనేయడం కద్దు. ఒకప్పుడు వైద్యులూ అలాగే అనుకునేవారు. 1999లో ఇటలీ వైద్యులు 70 దాటినవారికి ఒక్క మందును ఇచ్చి చూశారు. మందు లేకుండా ఉపశమనం మాత్రం పొందినవారి ఆయుష్షు మధ్యస్థంగా 21 వారాలు, మందు తీసుకున్నవారిది 28. పైగా బాధలూ తగ్గాయి. 2011లో ఫ్రాన్సు వైద్యులు 70 నుంచి 89 ఏళ్ల మధ్యవారు 451 మందిని పరిశీలించారు. ఒక మందుతో 6.2 నెలలు, రెండు మందులతో 10.3 నెలలు. దుష్ఫలితాలూ ఎక్కువే. ఆపరేషన్ తట్టుకోలేని వృద్ధులకు చిన్న గడ్డ ఉంటే, గురిచూసి కొద్ది సిట్టింగుల్లోనే ఇచ్చే రేడియేషన్ ఇప్పుడుంది. కాబట్టి పుట్టిన తేదీని చూసి వైద్యం మానరాదు, మనిషిని చూడాలి.

చెప్పే తీరు

మూడో ప్రశ్నలో రెండో సగం ఇంకా ఉంది: ఆ మనిషి ఏం కోరుతున్నాడు? 1982లో అమెరికాలో బార్బరా మెక్‌నీల్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషనా, రేడియేషనా ఏది ఎంచుకుంటారని రోగులను, విద్యార్థులను, వైద్యులను అడిగింది. ఆపరేషన్ చేయించుకున్న నూరుమందిలో ఆపరేషన్ గట్టెక్కేది 90 మంది, ఏడాదికి మిగిలేది 68 మంది, ఐదేళ్లకు 34 మంది. రేడియేషన్‌లో వైద్యం గట్టెక్కేది నూరుమందీ, ఏడాదికి 77, ఐదేళ్లకు 22. కొందరికి ఇలా చెప్పారు. మరికొందరికి అదే లెక్కను తిప్పి, ఎంతమంది చనిపోతారో చెప్పారు. చావు లెక్క విన్నవారిలో రేడియేషన్ కోరినవారు బాగా పెరిగారు. అంకెలు మారలేదు, చెప్పిన తీరు మారింది. వైద్యులే ఈ తేడాకు లోనయ్యారంటే మనమెంత? అందుచేత డాక్టరుగారిని రెండు లెక్కలూ అడగాలి: ఎందరు బతుకుతారు, ఎందరు పోతారు.

ఆ అంకెలను మరోసారి చూడండి. ఏడాది గడిచేసరికి రేడియేషన్ మెరుగు, ఐదేళ్లకు ఆపరేషన్ మెరుగు. మనవరాలి పెళ్లి వచ్చే ఏడు ఉన్న తాతగారికీ, ఇంకా పిల్లలు స్థిరపడని నలభై ఏళ్లవాడికీ ఒకే జవాబు ఉండనక్కరలేదు. ఇది డాక్టరు ఒక్కరే తేల్చగలిగింది కాదు, వరండాలో నిలబడిన బంధువులు తేల్చగలిగిందీ కాదు.

మన దేశంలోనే దీనికి తాజా ఉదాహరణ ఉంది. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు జన్యు మార్పు ఉన్న 350 మందిలో కొందరికి మాత్ర ఒక్కటే, కొందరికి మాత్రతోపాటు సెలైన్ మందులు ఇచ్చారు. 2019లో ఫలితం వెలువడింది. జబ్బు అదుపులో ఉన్న కాలం 8 నెలల నుంచి 16 నెలలకు పెరిగింది. తీవ్రమైన దుష్ఫలితాలూ పెరిగాయి. ఎక్కువ కాలమా, తక్కువ బాధా? తూకం రోగి చేతిలో ఉండాలి.

బాధ తగ్గించడం ఓటమి కాదని కూడా రుజువయింది. 2010లో బాస్టన్‌లో, జబ్బు పాకిన 151 మందిలో సగంమందికి మొదటినుంచే నొప్పి, ఆయాసం, దిగులు తగ్గించే వైద్యాన్ని మామూలు వైద్యంతో జతచేశారు. వారు చివరి రోజుల్లో కఠిన వైద్యాలు తక్కువగా చేయించుకున్నారు. అయినా ఎక్కువ కాలం బతికారు: 11.6 నెలలు, రెండోవారు 8.9 నెలలు. మన హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలోనూ ఇలాంటి ఉపశమన విభాగం ఉంది. నొప్పికి వాడే మార్ఫిన్ మీద ఉన్న కట్టుబాట్లను 2014లో పార్లమెంటు చట్ట సవరణతో సడలించింది.

మా అన్నయ్య విషయానికి వస్తే, 1988లో ఈ మాత్రలు లేవు, ఈ జన్యు పరీక్షలు లేవు. మేమేం చేసినా ఆయన ఎక్కువకాలం బతికి ఉండేవారు కారేమో. అందుకు నాకు చింత లేదు. మొదటి ప్రశ్నకు, రెండో ప్రశ్నకు ఆనాటి వైద్యులు తమకు తెలిసినంత జవాబు వెదికారు. మూడో ప్రశ్నను అన్నయ్యదాకా పోనీయకుండా అడ్డుపడింది మేమే. ఆయన్ను అడిగి ఉంటే, ఆరు వారాల కరెంటు కన్నా సంక్రాంతికి ఇంటి అరుగు మీద కూర్చోవడమే కోరుకునేవారని నా నమ్మకం. రోజూ ఆ మాటే అడిగారు కదా. అది జవాబని మాకు తెలియలేదు.

అందుచేత మిత్రులారా, మూడు వారాలు దాటిన దగ్గును అశ్రద్ధ చేయకండి. క్షయ మందులకు మచ్చ తగ్గకపోతే మళ్లీ పరీక్ష చేయించమని అడగండి. ముక్క పరీక్షకు భయపడకండి. మీ పిల్లలకు ఇప్పుడే, ఒళ్లు బాగున్నప్పుడే చెప్పి ఉంచండి: “నాకేదైనా జబ్బు చేస్తే ముందు నాతో చెప్పండి. వైద్యం ఏదో నన్నడిగి నిర్ణయించండి.” మా ఇంట్లో నేను చెప్పాను. మా అబ్బాయి కాసేపు మాట్లాడలేదు, తర్వాత సరే నాన్నా అన్నాడు.